యేసు చివరి వారం: నాలుగు సువార్తలు, రెండు తేదీలు

యేసును సిలువ వేసింది శుక్రవారం అన్న విషయంలో నాలుగు సువార్తలకూ తేడా లేదు. ఆ శుక్రవారం యూదుల పంచాంగంలో ఏ తేదీ అన్న దగ్గరే తేడా వస్తుంది. మత్తయి, మార్కు, లూకా లెక్కన అది నీసాను నెల 15, అంటే ఐగుప్తు నుంచి విడుదలైన సంగతిని యూదులు తలచుకునే పస్కా పండుగ నాడు. యోహాను లెక్కన నీసాను 14, పండుగకు ముందు రోజు. ఒక్క రోజు తేడాయే కదా అని శ్రమల వారం ప్రసంగాల్లో చాలామంది దాటేస్తారు. నిజానికి ఆ మరణానికి క్రైస్తవులు ఇచ్చుకున్న అర్థాలన్నీ ఆ ఒక్క రోజు చుట్టూనే తిరుగుతాయి. రొట్టె పులిసిందా పులియనిదా అన్న తగవూ, ఈస్టరు ఎప్పుడు చెయ్యాలన్న తగవూ అక్కడే మొదలయ్యాయి.

ముందుగా రోజు లెక్క తేల్చుకోవాలి. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, యూదులకు సూర్యాస్తమయంతో. కాబట్టి గురువారం రాత్రి భోజనం, గెత్సేమనే తోటలో పట్టివేత, తెల్లవారాక రోమా అధిపతి పిలాతు విచారణ, మధ్యాహ్నం సిలువ, సాయంత్రం సమాధి — ఇవన్నీ ఒకే యూదు తేదీలో జరిగినవి. మనం గురువారం, శుక్రవారం అని రెండు రోజులుగా చెప్పుకోవడం వల్ల ఈ సంగతి మరుగున పడుతుంది. పస్కా గొర్రెపిల్లలను నీసాను 14 మధ్యాహ్నం దాటాక దేవాలయంలో వధించేవారు. తొమ్మిదో గంట నుంచి పదకొండో గంట వరకు, అంటే మన మూడింటి నుంచి ఐదింటి దాకా ఆ పని సాగేదని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు రాశాడు. పొద్దు గూకగానే నీసాను 15 వస్తుంది. ఆ రాత్రి మాంసాన్ని కాల్చి, చేదు కూరలతో, పులియని రొట్టెలతో తినాలి. ఒకే పండుగకు వధ ఒక తేదీలో, భోజనం మరో తేదీలో పడతాయన్నమాట.

ఇప్పుడు మార్కు సువార్త 14వ అధ్యాయం 12వ వచనం చూస్తే, పస్కాపశువును వధించే రోజున శిష్యులు వచ్చి భోజనం ఎక్కడ సిద్ధం చెయ్యమంటావని అడుగుతారు. ఆ సాయంత్రమే అందరూ భోజనానికి కూర్చుంటారు. అంటే కడరాత్రి భోజనమే పస్కా భోజనం. లూకా ఇంకా తేటగా చెబుతాడు: శ్రమపడక ముందు మీతో కలిసి ఈ పస్కా తినాలని ఎంతో ఆశపడ్డానని యేసే అంటాడు. యోహాను దగ్గరకు వస్తే దృశ్యం మారిపోతుంది. 13వ అధ్యాయంలో ఆ భోజనం ‘పస్కా పండుగకు ముందే’ జరుగుతుంది. యేసును పట్టించబోయే శిష్యుడు యూదా ఇస్కరియోతు లేచి వెళితే, పండుగకు కావలసినవి కొనడానికి వెళ్లాడేమోనని కొందరు అనుకుంటారు. పండుగ భోజనం అప్పటికే అయిపోయి ఉంటే ఇక కొనాల్సింది ఏముంటుంది? మరునాడు ఉదయం యాజకుల మనుషులు పిలాతు అధికారమందిరంలో అడుగు పెట్టరు. మైలపడితే పస్కా తినడానికి వీలుండదని వాళ్ల భయం. అంటే యోహాను కథనంలో పస్కా భోజనం ఇంకా జరగలేదు, ఆ రాత్రి జరగాలి.

ఈ తేడా వెనక ఉన్న ఉద్దేశం కళ్లకు కట్టినట్టు కనిపించేది పిలాతు విచారణ ఘట్టంలోనే. యోహాను దాన్ని బయటా లోపలా మార్చి మార్చి ఏడు దృశ్యాలుగా అల్లాడు. యాజకులు లోపలికి రారు గనుక పిలాతే బయటికి వస్తాడు (18:29). లోపలికి వెళ్లి యేసును ‘నీవు యూదుల రాజువా’ అని అడుగుతాడు (18:33). బయటికొచ్చి ఇతనిలో ఏ దోషమూ లేదంటాడు (18:38). లోపల కొరడా దెబ్బలు, ముళ్ల కిరీటం (19:1). మళ్లీ బయటికి (19:4), మళ్లీ లోపలికి (19:9), చివరికి బయట న్యాయపీఠం మీద తీర్పు (19:13). రోమా అధిపతి అన్నిసార్లు గడప దాటడానికి కారణం ఒక్కటే, బయట నిలబడ్డవారు రాత్రి గొర్రెపిల్లను తినడానికి శుద్ధంగా ఉండాలనుకోవడం. అదే సువార్త మొదటి అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను యేసును ‘దేవుని గొర్రెపిల్ల’ అని చూపించాడు. పస్కా కోసం మైలకు దూరంగా ఉన్నవాళ్లే ఆ గొర్రెపిల్లను చావుకు అప్పగిస్తున్నారన్న వ్యంగ్యాన్ని రచయిత ఎక్కడా నోరు తెరిచి చెప్పడు, తేదీతో చెప్పిస్తాడు. సిలువ దగ్గర కూడా అంతే. చిరక (పులిసిన ద్రాక్షారసం) అందించింది హిస్సోపు కొమ్మతో. ఐగుప్తులో గొర్రెపిల్ల రక్తాన్ని గుమ్మాలకు పూసింది కూడా హిస్సోపుతోనే. కాళ్లు విరగ్గొట్టకుండా వదిలేశారు. పస్కా గొర్రెపిల్ల ఎముక ఒక్కటీ విరవకూడదన్నది నిర్గమకాండం 12వ అధ్యాయంలోని ఆజ్ఞ.

మార్కు గడియారం వేరు. అక్కడ భోజనమే పస్కా గనుక అర్థం బల్ల దగ్గరే తెలుస్తుంది. రొట్టె ‘నా శరీరము’, పాత్ర ‘నిబంధన రక్తము’. ఐగుప్తు విడుదలను తలచుకునే భోజనాన్ని యేసు తన మరణం మీదికి తిప్పుతాడు. ఒక సువార్తలో యేసు పస్కా పెట్టే ఇంటిపెద్ద, ఇంకోదానిలో ఆయనే పస్కా. ఈ రెండూ ఒకే రోజున ఇమడవు. రెంటినీ కలిపి ఒకే పట్టికగా చెప్పేసే ప్రసంగాల్లో రెంటి పదునూ పోతుంది.

గంటల దగ్గరా ఇదే చిక్కు. మార్కులో సిలువ వేసింది మూడో గంటకు, చీకటి ఆరో గంట నుంచి తొమ్మిదో గంట దాకా. పగలు లెక్క సూర్యోదయం నుంచి గనుక ఇవి మన తొమ్మిది, పన్నెండు, మూడు. యోహానులో మాత్రం పిలాతు తీర్పు చెప్పే వేళకే ఆరో గంట కావస్తుంది, అంటే మిట్టమధ్యాహ్నం. తెలుగు సంఘాల్లో ఎక్కువగా చదివే పాత అనువాదంలో ఈ తగాదా కంటపడదు. ఎందుకంటే యోహాను 19:14లో అక్కడ ‘ఉదయము ఆరు గంటలు’ అని ఉంటుంది. రోమీయులు అర్ధరాత్రి నుంచి గంటలు లెక్కపెట్టేవారన్న వాదాన్ని బట్టి చేసిన సర్దుబాటు అది. అయితే అదే సువార్త 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ నీళ్లకు వచ్చిన ‘ఆరో గంట’ను అదే అనువాదం పన్నెండు గంటలుగా చూపిస్తుంది. ఒకే పుస్తకంలో ఒకే గంటకు రెండు లెక్కలు. రోమీయుల చట్టపరమైన రోజు అర్ధరాత్రి మొదలైన మాట నిజమే గానీ, పగటి గంటలను వాళ్లూ పొద్దు పొడుపు నుంచే లెక్కించేవారు. వాళ్ల నీడగడియారాల మీద మధ్యాహ్నం పడేది ఆరో అంకె మీదే. కనుక ఈ సర్దుబాటు నిలవదు. గడియారాలు లేని కాలంలో ‘మూడో గంట’, ‘ఆరో గంట’ అంటే పూటలను చెప్పే ఉజ్జాయింపు మాటలన్న వివరణ కొంత నయం.

తేదీలను కలపడానికి జరిగిన ప్రయత్నాలూ తక్కువేమీ కాదు. యోహాను 18:28లో ‘పస్కా తినడం’ అంటే గొర్రెపిల్ల కాదు, పండుగ వారంలో అర్పించే ఇతర బలుల మాంసం అన్నది పాత వాదం. యేసు వేరే పంచాంగం పాటించాడన్నది ఇంకొకటి. మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన పాత యూదు రాతలు 364 రోజుల సౌర పంచాంగం గురించి చెబుతాయి. దాని ప్రకారం ఆ భోజనం మంగళవారం రాత్రే జరిగిందని 1957లో ఆనీ జోబేర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు వాదించారు. విచారణలన్నీ ఒక్క రాత్రిలో ఇరుక్కోకుండా మూడు రోజులు దొరుకుతాయన్నది ఇందులోని ఆకర్షణ. అసలు చిక్కేమిటంటే, యేసు ఆ పంచాంగం పాటించాడనడానికి సువార్తల్లో ఒక్క ఆనవాలూ లేదు. పైగా దేవాలయంలో గొర్రెపిల్లలను వధించే రోజునే భోజనం సిద్ధం చేశారని మార్కే చెబుతున్నాడు.

చరిత్రపరంగా చూస్తే తూకం యోహాను తేదీ వైపే మొగ్గుతుంది. దానికి సాక్ష్యం మార్కులోనే దొరకడం విశేషం. పండుగలో పట్టుకోవద్దు, జనంలో అల్లరి రేగుతుందని యాజకులు అనుకుంటారు (14:2). యేసు సిలువను మోసిన కురేనీయుడైన సీమోను పల్లె నుంచి వస్తూ కనిపిస్తాడు. దేహాన్ని చుట్టడానికి అరిమతయియ యోసేపు నారబట్ట కొంటాడు. పండుగ రోజున కొనడం, అమ్మడం, యూదుల మహాసభ కూడి మరణశిక్షకు తీర్మానించడం — ఇవన్నీ ఇబ్బందికరమైన సంగతులే. భోజనంలో గొర్రెపిల్ల ప్రస్తావనే లేదు. మార్కు కంటే ముందే, సుమారు 54, 55లో కొరింథీయులకు రాసిన పౌలు ‘తాను అప్పగింపబడిన రాత్రి’ అంటాడే తప్ప పస్కా రాత్రి అనడు. పైగా అదే ఉత్తరంలో ‘మన పస్కా పశువు’ క్రీస్తేనంటాడు. మార్కు తేదీ వైపు కూడా వాదన లేకపోలేదు. భోజనం రాత్రిపూట, పట్టణం లోపల, ద్రాక్షారసంతో, చివర కీర్తనతో ముగియడం పస్కా ఛాయలే.

సంవత్సరం తేల్చడానికి ఖగోళ గణితం కొంత సాయపడుతుంది. పిలాతు యూదయను ఏలింది 26 నుంచి 36 వరకు. ఆ పదేళ్లలో నీసాను 14 శుక్రవారం పడే తేదీల్లో గట్టిగా నిలిచేవి రెండు: 30 ఏప్రిల్ 7, 33 ఏప్రిల్ 3. లూకా 3:1లో చెప్పిన రోమా చక్రవర్తి తిబెరి కైసరు పదిహేనో ఏడు 28, 29 ప్రాంతం. యేసు సేవ ఏడాదే అనుకుంటే 30 కుదురుతుంది. యోహాను సువార్తలో మూడు పస్కాలు కనిపిస్తాయి గనుక ఎక్కువ కాలం అనుకునేవారు 33ను ఎంచుకుంటారు. 33 ఏప్రిల్ 3 సాయంత్రం యెరూషలేములో చంద్రుడు ఉదయించేటప్పటికే పాక్షిక గ్రహణం పట్టి ఉందన్న లెక్కను 1983లో ఇద్దరు ఆక్స్‌ఫర్డు శాస్త్రవేత్తలు ప్రచురించారు. దీన్ని పట్టుకుని మధ్యాహ్నపు చీకటి గ్రహణమేనని చెప్పేవారున్నారు. అది పొరపాటు. చంద్రగ్రహణం పగటిని చీకటి చెయ్యదు. సూర్యగ్రహణమా అంటే, పస్కా వచ్చేది పున్నమి నాడు, సూర్యగ్రహణం అమావాస్యకే పడుతుంది, పైగా సంపూర్ణ గ్రహణం ఎనిమిది నిమిషాలైనా నిలవదు. ఈ అభ్యంతరాన్ని మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ రచయిత లేవనెత్తాడు.

ఆదివారం నుంచి బుధవారం దాకా ఉన్న వరుస మార్కు ఇచ్చిందే. ఆదివారం పట్టణ ప్రవేశం, సోమవారం అంజూరపు చెట్టు శాపం, దేవాలయంలో వ్యాపారులను వెళ్లగొట్టడం, మంగళవారం వాదోపవాదాలు, ఒలీవల కొండ మీద బోధ, బుధవారం బేతనియలో అత్తరు అభిషేకం, యేసును అప్పగించడానికి యూదా బేరం. మత్తయిలో దేవాలయ ఘట్టం ప్రవేశించిన రోజునే జరిగినట్టుంటుంది, యోహానులో సేవ ఆరంభంలోనే, రెండో అధ్యాయంలో ఉంటుంది. బేతనియ అభిషేకం మార్కులో పస్కాకు రెండు రోజుల ముందు కుష్ఠరోగియైన సీమోను ఇంట్లో, తల మీద. యోహానులో ఆరు రోజుల ముందు, మరియ చేతులతో, పాదాల మీద. అత్తరు ఖరీదు మాత్రం రెండింట్లోనూ 300 దేనారాల లెక్కే. కూలివాడి రోజు కూలి ఒక దేనారం గనుక దాదాపు ఏడాది సంపాదన. ఇక మనం మట్టల ఆదివారం పట్టుకు తిరిగే ఖర్జూరపు మట్టలు ఒక్క యోహానులోనే ఉన్నాయి. మార్కులో పొలాల్లో నరికిన కొమ్మలు. లూకాలో కొమ్మల మాటే లేదు, బట్టలు పరవడమే.

విచారణలో ఎక్కువమంది పట్టించుకోని సంగతి నేరారోపణ మారిపోవడం. మహాసభ ముందు అభియోగం దేవదూషణ. పిలాతు ముందుకు వచ్చేసరికి అది రాజద్రోహం: తానే రాజునంటున్నాడు, కైసరుకు పన్ను కట్టొద్దంటున్నాడు. దేవదూషణ రోమా అధిపతికి పట్టదు, రాజునని చెప్పుకోవడం పడుతుంది. సిలువ రోమీయుల శిక్ష, దాని మీద పెట్టిన పలక కూడా ‘యూదుల రాజు’ అనే చెప్పింది. విశ్వాస ప్రమాణంలో పేరు చొప్పించింది పొంతి పిలాతుదే, ప్రధాన యాజకుడైన కయపది కాదు. అయినా ‘ఆయన రక్తం మా మీదా మా పిల్లల మీదా ఉండనీ’ అన్న మత్తయి 27:25లోని జనసమూహపు కేకను పట్టుకుని యూదు జాతి మొత్తాన్ని దోషిగా నిలబెట్టిన ప్రసంగాలు శతాబ్దాల పాటు రక్తపాతానికి దారితీశాయి. ఆ నింద యూదులందరి మీదా వెయ్యరాదని కథోలిక సభ 1965లో రెండో వాటికన్ మహాసభలో అధికారికంగా ప్రకటించింది. తెలుగులో ఇప్పటికీ ‘యూదులు యేసును చంపారు’ అని అలవాటుగా అనేసే వక్తలు ఈ పేరాను రెండుసార్లు చదవాలి.

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా తెలుగు సంఘాల్లో సాగే ఏడు మాటల ఆరాధనకు మూలం పెరూ దేశపు లీమా నగరం. పదిహేడో శతాబ్దం చివర అక్కడి జెస్విట్ గురువు అలోన్సో మెస్సియా మొదలుపెట్టిన మూడు గంటల ధ్యానం ఇది. తరవాత ప్రొటెస్టెంటులూ అందుకున్నారు. ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ లేవు. ‘వీరిని క్షమించుము’, ‘నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు’, ‘నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను’ లూకావి. తల్లిని శిష్యుడికి అప్పగించడం, దాహం, ‘సమాప్తమైనది’ యోహానువి. మార్కు, మత్తయి చెప్పేది ఒక్కటే: ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?’ మార్కులో యేసు అందరూ విడిచిపెట్టగా అరిచి చనిపోతాడు. లూకాలో క్షమిస్తూ, తండ్రి చేతుల్లో ప్రాణం పెడుతూ పోతాడు. యోహానులో పని ముగించిన రాజులా తల వంచుతాడు. వరుసగా పేర్చితే నాలుగో మాటలోని చీకటిని ఆరో మాట, ఏడో మాట కప్పేస్తాయి. ఆచరణలోనూ అదే జరుగుతుంది. పాటలు, ప్రార్థనలు పోగా ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలకు మించి దక్కదు. మొదటి ముగ్గురు వక్తలు గడువు దాటేస్తే కోత పడేది మధ్యలో ఉన్న నాలుగో మాటకే. నాలుగో మాట చెప్పేవారు 22వ కీర్తన మొత్తం చదివించి మాట్లాడితే అది కాస్త నిలుస్తుంది. యేసు పలికింది ఆ కీర్తన మొదటి పాదమే, అదే కీర్తనలో వస్త్రాలకు చీట్లు వేసుకోవడమూ ఉంది.

ఈ మరణం పాపాన్ని ఎలా తీసేస్తుందన్న విధానాన్ని సువార్తలు సిద్ధాంతంగా విప్పి చెప్పవు. ‘అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనము’ అన్న మార్కు 10:45 మాటనూ, యెషయా 53నూ ఆసరా చేసుకుని తరవాతి తరాలు కట్టుకున్నాయి. తొలి శతాబ్దాల బోధకులు మరణం మీద, సాతాను మీద విజయంగా చూశారు. పదకొండో శతాబ్దం చివర అన్సెల్మ్ అనే వేదాంతి దాన్ని దేవుని ఘనతకు చెల్లించిన పరిహారంగా వివరించాడు. సంస్కరణ కాలంలో మనకు బదులు పడిన శిక్షగా స్థిరపడింది. తెలుగు ప్రొటెస్టెంటు ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఈ చివరిదే.

మూడింటికి మరణం, సూర్యాస్తమయానికి విశ్రాంతిదినం. మధ్యలో మిగిలింది మూడు గంటలు. యోసేపు పిలాతు దగ్గరికి వెళ్లాలి. సిలువ మీద మనుషులు రోజుల తరబడి బతికిన సందర్భాలుండడంతో ఇంత త్వరగానా అని పిలాతు ఆశ్చర్యపడి శతాధిపతిని పిలిపించాడు. తరవాత దేహాన్ని దించాలి, చుట్టాలి, రాతి సమాధిలో పెట్టాలి. యోసేపుకు తోడుగా వచ్చిన నీకొదేము తెచ్చిన బోళము, అగరు యోహాను చెప్పినట్టు నూరు రోమా రాత్తళ్లు, నేటి తూకంలో 32, 33 కిలోలు. మార్కులో ఆ అభిషేకమే లేదు. అందుకే స్త్రీలు సుగంధ ద్రవ్యాలు కొని ఆదివారం పొద్దున్నే వస్తారు. సిలువ వేసినవారిని పాతిపెట్టనిచ్చేవారా అన్న సందేహానికి 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో దొరికిన ఎముకల పెట్టె జవాబిచ్చింది. యెహోహానాన్ అని పేరు చెక్కిన ఆ పెట్టెలో పదకొండున్నర సెంటీమీటర్ల మేకు దిగిన మడమ ఎముక ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం తెల్లవారుజాము దాకా గంటల్లో లెక్కిస్తే 40 కూడా నిండవు. మరి మత్తయి 12:40లోని ‘మూడు రాత్రింబగళ్లు’ ఎలా కుదురుతుందని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. 72 గంటలు నింపడానికి సిలువను బుధవారానికి జరిపేవారూ ఉన్నారు. యూదులు రోజులో కొంత భాగాన్నీ పూర్తి రోజుగా ఎంచేవారు. ఎస్తేరు గ్రంథంలో మూడు రోజులు రాత్రింబగళ్లు ఉపవాసం ఉండమని చెప్పిన ఎస్తేరు, మూడో రోజునే రాజు ముందు నిలబడుతుంది. తెలుగు ఇళ్లలో పెద్దకర్మకు పదకొండో రోజు లెక్కపెట్టేటప్పుడు మనిషి పోయిన రోజునే ఒకటిగా తీసుకుంటారు, ఇదీ అలాంటి లెక్కే. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. ‘మూడవ దినమున’ అన్న మాట ఎక్కువసార్లు కనిపిస్తుంది గనుక మత్తయి వచనాన్నే దానికి లోబరిచి చదవాలి.

మొదటి ఒక్క రోజు తేడా సంఘ చరిత్రలో రెండు చోట్ల పగుళ్లు తెచ్చింది. ప్రభు భోజనం పస్కా అయితే రొట్టె పులియనిదే అయి ఉండాలి, ముందు రాత్రి భోజనమైతే మామూలు పులిసిన రొట్టె. రోమా సంఘం పులియని అప్పం వాడుతుంది, గ్రీకు సంఘం పులిసిన రొట్టె. 1054లో ఈ రెండూ విడిపోయినప్పుడు నడిచిన వాగ్యుద్ధంలో ఇదీ ఒక ముఖ్యమైన అభియోగం. తెలుగు నేల మీద ఈ గొడవ లేదు. కథోలికుల దివ్య సత్ప్రసాదానికి పులియని అప్పమే. మిగతా సంఘాల్లో కొన్నిచోట్ల పలుచని అప్పాలు, కొన్నిచోట్ల బ్రెడ్డు ముక్కలు.

రెండోది ఈస్టరు తేదీ. ఆసియా మైనరు సంఘాలు యోహాను సంప్రదాయాన్ని చెప్పుకుంటూ ఏ వారమైనా సరే నీసాను 14నే పాటించేవి. రోములో ఆదివారమే. సుమారు 155లో స్ముర్న బిషప్ పోలికార్పు రోముకు వచ్చి అక్కడి బిషప్ అనిసేటుతో మాట్లాడితే ఇద్దరూ ఒప్పుకోకుండానే సమాధానంగా విడిపోయారు. 190 ప్రాంతంలో రోము బిషప్ విక్టరు ఆసియా వారిని వెలివేయబోతే లియోను బిషప్ ఇరేనియస్ అడ్డుపడ్డాడు. 325లో నైసియా మహాసభ అందరూ ఒకే ఆదివారం జరుపుకోవాలని నిర్ణయించింది. మార్చి 21న గానీ ఆ తరవాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం అన్న సూత్రం క్రమేణా స్థిరపడింది. అందుకే పండుగ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య తిరుగుతుంది. ఈ లెక్కలో పున్నమి సంఘపు పట్టికలోది, ఆకాశంలోది కాదు, రెంటికీ ఒకటి రెండు రోజుల తేడా రావచ్చు. తూర్పు ఆర్థడాక్సు సంఘాల్లో ఎక్కువ భాగం 13 రోజులు వెనకబడిన పాత జూలియను పంచాంగంతో లెక్కిస్తాయి. 2025లో రెండు లెక్కలూ ఏప్రిల్ 20న కలిశాయి. 2024లో మాత్రం పశ్చిమ సంఘాలు మార్చి 31న, ఆర్థడాక్సు సంఘాలు మే 5న పునరుత్థాన పండుగ చేసుకున్నాయి.